కాల్ ట్రేస్‌లో పేరు కనిపిస్తే నేరం రుజువైనట్టేనా?

రాత్రిడ్యూటీ:
రెండు వారాల్లో మూడు లినక్స్ మెషీన్లు పానిక్ అయ్యాయి, అంటే సిస్టమ్ గుండెకాయ లాంటి కెర్నెలే తప్పు తగిలి ఆగిపోయింది. మూడింటి క్రాష్ రిపోర్టులోనూ, కాల్ ట్రేస్‌తో (ఏ ఫంక్షన్ దేన్ని పిలుస్తూ అక్కడికి వచ్చిందో చూపే జాబితా) పాటు వచ్చే ఆర్ఐపీ లైన్లో (సీపీయూ ఆగిన చోటు) ఉన్నది మా డిస్ట్రిబ్యూటెడ్ ఫైల్ సిస్టమ్ కెర్నెల్ క్లయింట్‌లోని ఒకే ఫంక్షన్. మా లీడ్ "ఇంకేం చూస్తావు, ఇవాళే ఫ్యూజ్ క్లయింట్‌కి మార్చెయ్" అంటున్నారు. అది కెర్నెల్ బయట, యూజర్‌స్పేస్‌లో మామూలు ప్రాసెస్‌గా నడిచే క్లయింట్. కారణం తెలియకుండా మార్చడం నాకు ఇష్టం లేదు. మీరేమంటారు?

యూజర్‌స్పేస్_భక్తుడు:
మీ లీడ్ చెప్పిందే కరెక్ట్. ఫ్యూజ్ 2005లోనే 2.6.14తో కెర్నెల్‌లోకి వచ్చింది, నిన్నమొన్నటిది కాదు. దాని క్లయింట్‌లో బగ్ ఉంటే చచ్చేది ఒక ప్రాసెస్. "ట్రాన్స్‌పోర్ట్ ఎండ్‌పాయింట్ ఈజ్ నాట్ కనెక్టెడ్" అని వస్తుంది, అన్‌మౌంట్ చేసి మళ్లీ మౌంట్ చేసుకుంటారు. అదే బగ్ కెర్నెల్‌లో ఉంటే మెషీనే పోతుంది, దాని మీద నడుస్తున్న అందరి జాబులతో సహా.

పాత_అడ్మిన్:
ఆర్ఐపీ చెప్పేది ఎక్కడ పడ్డాడో. ఎవడు తోశాడో అది చెప్పదు. ఇంకో మాడ్యూల్ (డ్రైవర్ల లాంటి, కెర్నెల్‌లోకి ఎక్కించే ముక్క) పాడుచేసిన మెమరీని ఫైల్ సిస్టమ్ ముట్టుకుని చచ్చిపోవచ్చు. ఇనోడ్లు, డెంట్రీలు (ఫైళ్ల వివరాల, పేర్ల రికార్డులు) లక్షల్లో పెట్టుకుని కూర్చునేది అదే కాబట్టి పాడైన పేజీ దాని చేతికే చిక్కే అవకాశం ఎక్కువ. కాల్ ట్రేస్‌లో ప్రశ్న గుర్తు ఉన్న లైన్లని అసలే నమ్మకండి, అవి స్టాక్‌లో మిగిలిపోయిన పాత అడ్రస్‌లు కావచ్చు.

మూడు సంగతులు చెప్పండి. టెయింటెడ్ (బయటి మాడ్యూల్ లాంటివి చేరాయని కెర్నెల్ వేసుకునే గుర్తు) పక్కన ఏ అక్షరాలున్నాయి? ఫాల్ట్ అడ్రస్, అంటే ముట్టబోయి దెబ్బతిన్న మెమరీ అడ్రస్ ఎంత? హంగ్ టాస్క్ పానిక్ (ఏ పనైనా మరీ ఎక్కువసేపు ఇరుక్కుంటే మెషీన్‌ని కావాలనే పానిక్ చేసే సెట్టింగ్) ఆన్‌లో ఉందా? ఆన్‌లో ఉంటే, స్టోరేజీ సర్వర్ 120 సెకన్లు పలకకపోతే చాలు, ఏ తప్పూ లేని క్లయింట్ కూడా పానిక్ అయి కూర్చుంటుంది.

రాత్రిడ్యూటీ:
హంగ్ టాస్క్ కాదండీ, జనరల్ ప్రొటెక్షన్ ఫాల్ట్ (ఇక్కడ, చెల్లని అడ్రస్‌ని ముట్టినందుకు సీపీయూ ఇచ్చే ఫాల్ట్). టెయింట్‌లో 'ఓ' ఉంది, నెట్‌వర్క్ కార్డు డ్రైవర్ బయటిది. అడ్రస్ డి-ఈ-ఏ-డితో మొదలై 122తో ముగుస్తోంది. వీఎంకోర్ (పానిక్ అయినప్పటి మెమరీ కాపీ, అంటే డంప్) లేదు. చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది, డంప్ డైరెక్టరీని ఎవరో ఎప్పుడో ఈ షేర్డ్ మౌంట్ మీదకే సిమ్‌లింక్ చేశారు.

సున్నా_పాయింటర్:
తాళంచెవి పెట్టెలో పెట్టి పెట్టెకే తాళం వేశారన్నమాట 😄 కేడంప్‌లో (పానిక్ అయ్యాక డంప్ తీసే ఏర్పాటు) రెండో కెర్నెల్ లేచేది ముందే పక్కన పెట్టిన కొద్దిపాటి మెమరీలో. అక్కడ మీ మౌంట్ ఉండదు. లోకల్ డిస్క్‌కి మార్చి, ఒక మెషీన్‌ని కావాలని పడగొట్టి, డంప్ వస్తోందో లేదో చూసుకోండి.

అడ్రస్ మాత్రం బంగారం. హాష్ లిస్ట్ నుంచి ఎంట్రీని తీసేశాక, దాని వెనుక పాయింటర్‌లో కెర్నెల్ కావాలనే రాసే విషపు విలువ అది. ఇంకెవరైనా ఆ ఎంట్రీని మళ్లీ తీయబోతే పట్టుబడాలని. అంటే ఒకే ఎంట్రీని రెండుసార్లు తీశారు. చెడిపోయిన ర్యామ్ ఇంత అందంగా రాయదు, అదీ మూడు మెషీన్లలో.

పాత_అడ్మిన్:
ఒప్పుకుంటాను. ర్యామ్ సంగతి వదిలేద్దాం. బయటి డ్రైవర్ మీద అనుమానం మాత్రం ఇంకా పోలేదు.

రాత్రిడ్యూటీ:
ఆరు రోజులైంది. నాలుగోది నిన్న పడింది, ఈసారి వీఎంకోర్ దొరికింది. లాగ్‌లో పానిక్‌కి 41 సెకన్ల ముందు నెట్‌వర్క్ లింక్ డౌన్ అయి, వెంటనే అప్ అయింది. డంప్ చదివే క్రాష్ టూల్‌లో అన్ని సీపీయూల బ్యాక్‌ట్రేస్ (కాల్ ట్రేసే) తీశాను. ఒకదాని మీద రీకనెక్ట్ థ్రెడ్, ఇంకోదాని మీద కాష్ ఖాళీ చేసే థ్రెడ్. రెండింటి చేతిలోనూ ఒకే ఇనోడ్ అడ్రస్! అంటే రెండూ దాన్నే లిస్ట్ నుంచి తీయబోయాయి.

మిగతా మూడు మెషీన్ల స్విచ్ లాగులూ తిరగేశాను. ప్రతి పానిక్‌కి ముందూ లింక్ ఒకసారి పడి లేచింది.

యూజర్‌స్పేస్_భక్తుడు:
అంటే బగ్ ఫైల్ సిస్టమ్ మాడ్యూల్‌దే. ఆరు రోజులు తిరిగి నేను మొదటి రోజు చెప్పిన చోటికే వచ్చారు.

పాత_అడ్మిన్:
మొదటి రోజు మీకు లింక్ సంగతి తెలుసా? ఫ్యూజ్‌కి మార్చి ఉంటే ఆ కేబులో ట్రాన్సీవరో అలాగే ఆడుతూ ఉండేది, ఎవరికీ పట్టేది కాదు. పైగా ప్రతి రిక్వెస్టూ కెర్నెల్‌కీ యూజర్‌స్పేస్‌కీ మధ్య తిరగాలి, చిన్న ఫైళ్లు వేలల్లో తెరిచే జాబులకి అది బాగా తెలుస్తుంది. మౌంట్ పోతే జాబు ఎలాగూ పోతుంది కదా.

యూజర్‌స్పేస్_భక్తుడు:
ఆ మౌంట్ వాడేవాడి జాబు పోతుంది, సరే. అదే మెషీన్‌లో లోకల్ డిస్క్ మీద నడుస్తున్న పక్కవాడి జాబు ఏం పాపం చేసింది?

పాత_అడ్మిన్:
దీనికి మాత్రం నా దగ్గర జవాబు లేదు.

రాత్రిడ్యూటీ:
లాగిన్ నోడ్లకి (యూజర్లు లాగిన్ అయ్యే మెషీన్లు) ఈ రాత్రి ఫ్యూజ్ పెడుతున్నాను, అక్కడ స్పీడు పెద్ద లెక్క కాదు. మిగతావాటికి రెండు థ్రెడ్లు ఒకే ఎంట్రీని తీయకుండా ఆ తొలగింపు చుట్టూ లాక్ సరిచేసిన కొత్త కెర్నెల్ టెస్ట్‌లో ఉంది. స్విచ్ పోర్టుని డౌన్, అప్ చేస్తూ కూర్చున్నాను. పాత కెర్నెల్ తొమ్మిదోసారికి పడింది. కొత్తది ఇప్పటికి 60 సార్లు తట్టుకుంది. 200 దాటాక లీడ్‌కి చెబుతాను.