బాండింగ్ మారకపోతే తప్పు డ్రైవర్‌దా, పెట్టినవాళ్లదా?

కాటా_చిత్తూరు: మాది మామిడి పల్ప్ ఫ్యాక్టరీ. కాటా సర్వర్ లినక్స్‌లో నడుస్తుంది. రెండు నెట్‌వర్క్ కార్డులు, రెండు స్విచ్‌లు, యాక్టివ్ బ్యాకప్ మోడ్‌లో బాండింగ్. అంటే రెండు కార్డులూ ఒకటిగా కట్టి ఉంటాయి, ఒకటి పనిచేస్తుంటుంది, అది పోతే రెండోది అందుకోవాలి. నిన్న మొదటి స్విచ్ నుంచి ఆఫీసుకు వెళ్లే లైను తెగింది. బాండ్ రెండో కార్డుకు మారనే లేదు. తోతాపురి లారీలు గేటు బయట రోడ్డు దాకా నిలబడిపోయాయి, రైతుల తిట్లన్నీ నాకు. ఈ బాండింగ్ నడిపే సాఫ్ట్‌వేర్ డ్రైవర్‌ను నమ్మడం దండగ.

రేణిగుంట_నెట్: అన్నా, ఎంఐఐమాన్, అదే లింకును ఎన్ని మిల్లీసెకన్లకోసారి చూడాలో చెప్పే సెట్టింగ్, ఎంత పెట్టారు?

కాటా_చిత్తూరు: 100.

రేణిగుంట_నెట్: అయితే డ్రైవర్ తన పని చేసినట్టే. ప్రతి 100 మిల్లీసెకన్లకు కార్డులో లింకు ఉందా లేదా అని చూస్తుంది, అంతే. కార్డుకూ స్విచ్‌కూ మధ్య కేబుల్ బాగుంది, లైటు వెలుగుతోంది, ఇంక ఎందుకు మారుతుంది? స్విచ్ అవతలి సంగతి తెలియాలంటే ఎంఐఐమాన్ తీసేసి ఏఆర్‌పీ ఇంటర్వెల్ పెట్టి (అవతలి మెషీన్‌ను ‘ఉన్నావా’ అని ఎంతసేపటికోసారి పలకరించాలో), ఏఆర్‌పీ ఐపీ టార్గెట్‌లో, అంటే ఎవరిని పలకరించాలో అక్కడ, గేట్‌వే రూటర్ అడ్రస్ ఇవ్వాలి.

కాటా_చిత్తూరు: లైటు వెలిగితే చాలనుకునేదాన్ని ఫెయిలోవర్ అంటారా? పైగా ఈ మోడ్‌లో ఎంఐఐమాన్ డీఫాల్ట్ సున్నా. ఏమీ పెట్టకపోతే కేబుల్ పీకేసినా పట్టించుకోదు!

తిరుచానూరు_బాబు: డాక్యుమెంటేషన్‌లో ఉంది సార్.

కాటా_చిత్తూరు: సెటప్ చేసినాయన బిల్లు తీసుకుని ఫోన్ ఎత్తడం మానేశాడు, ఆయనకు చెప్పండి.

పీలేరు_అడ్మిన్: ఏఆర్‌పీకి మారేముందు ఒకటి చూసుకోండి. స్విచ్ రీస్టార్ట్ అయితే లింకు ముందే వచ్చేస్తుంది, స్పానింగ్ ట్రీ (స్విచ్‌ల మధ్య ట్రాఫిక్ గుండ్రంగా తిరగకుండా ఆపేది) మాత్రం మామూలు సెట్టింగ్‌లో ఇంకో 30 సెకన్లు ట్రాఫిక్‌ను వదలదు. ఒక కార్డును ప్రైమరీగా, అంటే బాగున్నప్పుడల్లా అదే వాడాలని, పెట్టుకున్నవాళ్లకు బాండ్ వెంటనే అటు దూకి నెట్ పోతుంది. దానికి మందు అప్‌డిలే (లింకు వచ్చాక కాసేపు ఆగి వాడమనే సెట్టింగ్), కానీ అది ఎంఐఐమాన్‌తోనే పనిచేస్తుంది.

కాటా_చిత్తూరు: చూశారా! ఒకటి సరిచేస్తే ఇంకోటి. నేను మొదటి నుంచీ చెప్పేది ఇదే.

రేణిగుంట_నెట్: అన్నా, మీరు చెప్పేది వేరే. ముందు ఇది చెప్పండి, మీ రెండో స్విచ్ ఆఫీసుకు ఏ దారిన వెళ్తోంది?

కాటా_చిత్తూరు: మొదటి స్విచ్ మీదుగానే.

రేణిగుంట_నెట్: అయ్యో సామీ! మరి బాండ్ మారి ఉంటే మాత్రం ఎక్కడికి పోయేది? పొద్దుట్నుంచి డ్రైవర్‌ను తిడుతున్నారు!

కాటా_చిత్తూరు: మీకేం, సలహా ఊరికే వస్తుంది. రెండో లైనుకు యార్డంతా తవ్వాలి. సీజన్ అయ్యాక చూద్దాం అంటాడు మా ఓనరు, సీజన్ అయ్యాక డబ్బుల్లేవంటాడు. సాఫ్ట్‌వేర్ తప్పంటే కనీసం వింటాడు.

పీలేరు_అడ్మిన్: నిలబడ్డ లారీల లెక్క చూపించండి, అదీ వింటాడు.

కాటా_చిత్తూరు: చూపిస్తాలే. ఆ డీఫాల్ట్ సున్నా ఎందుకో మాత్రం ఒక్కరూ చెప్పలేదు.