వన్స్‌మోర్ కొట్టేది ఎవరు? వినేది ఎవరు?

మొన్న మన గ్రూపులో "రీల్స్ వచ్చాక జనానికి ఓపిక చచ్చిపోయింది, అర నిమిషం దాటితే ఎవడూ ఏదీ వినడం లేదు" అని పెద్ద వాదనే నడిచింది. దాని మధ్యలో ఎవరో "మా తాతల రోజుల్లో ఒక్కో పద్యానికి మూడేసి వన్స్‌మోర్లు పడేవి" అన్నారు. వాదన ఎటు పోయిందో గానీ నేను ఆ మాట దగ్గరే ఉండిపోయాను.

'పడేవి' అన్నారు, చూశారా. ఇంగ్లీషులో అది రెండు మాటల కేక. మన గోదావరి డెల్టాకి వచ్చేసరికి శుభ్రంగా తెలుగు నామవాచకం అయిపోయింది. బహువచనం ఉంది. క్రియలు ఉన్నాయి: జనం వన్స్‌మోర్ కొడతారు, పద్యానికి వన్స్‌మోర్ పడుతుంది, నటుడు వన్స్‌మోర్ కొట్టించుకుంటాడు. ఈ చివరిదాంట్లో కాస్త వెటకారం కూడా ఉంది. ముందు వరసలో తన మనుషుల్ని కూర్చోబెట్టుకుని అరిపించుకునేవాణ్ణి అలాగే అంటారు. తమాషా ఏంటంటే ఇంగ్లీషువాళ్ళు తమ హాళ్ళలో ఈ మాట అనరు. వాళ్ళు అనేది 'ఆన్‌కోర్', అది ఫ్రెంచి మాట. ఆ ఫ్రెంచివాళ్ళేమో 'బిస్' అంటారు. వన్స్‌మోర్ మన నాటకాల పందిళ్ళది. మరాఠీ సంగీత నాటకాల్లోనూ ఇదే కేక.

ఇప్పుడు అర నిమిషం సంగతి. తిరుపతి వేంకట కవుల నాటకంలో శ్రీకృష్ణుడు దుర్యోధనుణ్ణి పలకరించే పద్యం, "బావా యెప్పుడు వచ్చితీవు", తెలియనివాళ్ళు మన వైపు ఉండరు. కవులిద్దరూ మనవాళ్ళే: దివాకర్ల తిరుపతి శాస్త్రి గారిది భీమవరం దగ్గర యండగండి, చెళ్ళపిళ్ళ వెంకట శాస్త్రి గారు పుట్టింది కడియంలో. పద్యం శార్దూలం. పాదానికి 19 అక్షరాలు, మొత్తం 76. తీరిగ్గా చదువుకున్నా అర నిమిషం చాలు. అంటే పద్యం రాసిన కొలత ఇవాళ్టి రీలు కొలతే. దాన్ని పొడుగు చేసింది కవి కాదు, నటుడూ జనమూ కలిసి చేశారు.

ఎలా చేశారో చూడండి. 'బావా' అని ఎత్తుకోగానే హార్మోనియం ఆయన వెంట పడతాడు. 'సుఖులే' దగ్గర ఒక రాగం, 'చుట్టముల్' దగ్గర ఇంకో రాగం, నాలుగో పాదం చివర ఊపిరి ఉన్నంతసేపూ రాగం. అయ్యేసరికి పది నిమిషాలు. వెంటనే పందిరి దద్దరిల్లేలా వన్స్‌మోర్. కృష్ణుడు మళ్ళీ మొదటికొచ్చి "బావా యెప్పుడు వచ్చితీవు" అంటాడు. ఈ లోపు ఆ దుర్యోధనుడి అవస్థ ఆలోచించండి. జవాబు చెబుదామని నోరు తెరిచినవాడు మూసుకోవాలి. ఎప్పుడొచ్చావని అడిగినవాడే మళ్ళీ అడుగుతుంటే, అప్పుడే తొలిసారి విన్నట్టు మొహం పెట్టాలి. మూడో వన్స్‌మోర్‌కి కిరీటం సర్దుకుంటాడు, గద ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకుంటాడు, అంతకన్నా చేసేదేముంది? కథ అక్కడే ఆగిపోయినా ఎవరికీ పట్టదు. కథ అందరికీ తెలిసిందే. జనం కాచుకున్నది రెండోసారి 'సుఖులే' దగ్గర ఏ కొత్త సంగతి, అంటే రాగంలో ఏ కొత్త మలుపు, వేస్తాడా అని. మొదటిసారి పాడినట్టే పాడితే రెండో వన్స్‌మోర్ పడదు.

ఇక కత్తిరింపు. ఫోను కంటే ముందే అది మొదలైంది. నిమిషానికి 78 చుట్లు తిరిగే గ్రామఫోన్ రికార్డుకి ఒక వైపు పట్టేది మూడు నిమిషాలు, మహా అయితే కాస్త పైన. పది నిమిషాల పద్యం పాడేవాళ్ళు ఆ మూడు నిమిషాల్లో సర్దుకున్నారు. మన పెద్దవాళ్ళు 'అసలు బాణీ' అని చెప్పేదాంట్లో చాలా భాగం ఆ రికార్డు కొలతకి కుదించిన బాణీయే. మళ్ళీ వినాలంటే ముల్లు ఎత్తి అంచున పెట్టడమే. అక్కడ వన్స్‌మోర్ అనక్కర్లేదు, అన్నా వినేవాడు లేడు.

రేడియో మళ్ళీ మనిషిని తెచ్చింది, పోస్టు కార్డు రూపంలో. 1950లలో ఆకాశవాణి సినిమా పాటలు తగ్గించేస్తే జనం రేడియో సిలోన్ పెట్టుకుని, అక్కడ తెలుగు పాటలు వినిపించే మీనాక్షి పొన్నుదురై గారి గొంతు కోసం కాచుక్కూర్చునేవారు. తర్వాత విజయవాడ, వివిధ భారతి, శ్రోతలు కోరిన పాటలు. పాట కన్నా ముందు పేర్లు చదివేవారు. నాటకంలో పద్యం మధ్యలో మైకు లాక్కుని "ఫలానా గారు నూటపదహార్లు" అని చదివింపులు చదవడం కూడా ఇలాంటిదే. అడిగినవాడి పేరు నలుగురికీ వినపడేది.

ఇప్పుడు రీలు అయిపోగానే దానంతట అదే మళ్ళీ మొదలవుతుంది. 2025 మార్చి 31 నుంచి యూట్యూబ్ షార్ట్స్‌లో అలా తిరిగి మొదలైన ప్రతిసారీ ఒక వ్యూ కిందే లెక్క. వన్స్‌మోర్ కొట్టేదీ అదే, పాడేదీ అదే, లెక్క రాసుకునేదీ అదే. నాకు గుచ్చుకునేది ఇదీ. పాట పొట్టిదైపోయిందని నాకు బెంగ లేదు. పాడేవాడికి మన కేక చేరడం లేదు, వాడు రెండోసారి మార్చి పాడే అవకాశమూ లేదు. మీరేమంటారు?

పాలకొల్లు నుంచి: మాస్టారూ, వన్స్‌మోర్‌ని మరీ నెత్తికెక్కించుకుంటున్నారు. నాటకాన్ని పాడుచేసిందే అది. కాంట్రాక్టరు ఒక్కో నటుణ్ణి విడిగా కుదిర్చి ఆడించే కాంట్రాక్టు నాటకాల్లో, మీరు చెప్పిన 'బావా' పద్యం వచ్చే పడక సీనుకి ఒక కృష్ణుడు, రాయబారానికి ఇంకో కృష్ణుడు ఉండేవారు కదండి. ఎందుకు? ఎవరి పద్యాలు వాళ్ళు పాడి, ఎవరి వన్స్‌మోర్లు వాళ్ళు కొట్టించుకుని పోవడానికి. పాత్ర ఏమైనట్టు? రాగం తీసీ తీసీ మాట వినపడకుండా చేస్తే జాలి పడాల్సింది దుర్యోధనుడి మీద కాదు, కవుల మీద. మంచి ముక్క తుంచుకుని మిగతాది వదిలేయడం రీల్స్‌తో రాలేదండి. మన తాతలు చేసిందీ అదే.

పోస్టు పెట్టినవారు: చివరి వాక్యం ఒప్పుకుంటాను. కానీ అదే కోరిక వల్ల నాటకంలోకి కొత్తవీ వచ్చాయి. హరిశ్చంద్ర కాటి సీనులో జాషువా గారి శ్మశానం పద్యాలు పాడతారు. అవి బలిజేపల్లి వారి నాటకంలోవి కావు. నటులు పాడారు, జనానికి నచ్చాయి, సీనులో ఉండిపోయాయి. ఇప్పుడు అవి లేకుండా ఆడి చూడమనండి, ఊరుకుంటారేమో!

రావులపాలెం నుంచి: సార్, నేను చిన్నవాణ్ణి, తప్పయితే ఏమనుకోకండి. మీరు లూప్ అనేదాన్ని తిట్టులా చెప్తున్నారు. నేను పద్యాలు నేర్చుకున్నదే లూప్‌లో. మా ఊళ్ళో నేర్పేవాళ్ళు లేరు. యూట్యూబ్‌లో పాత నాటకం పెట్టుకుని, స్పీడు 0.75కి తగ్గించి, ఒకే పాదం వెనక్కీ ముందుకీ లాగి విన్నాను. అలా వింటే ఎక్కడ గుక్క తిప్పుకున్నాడో కూడా తెలుస్తుంది. 'చుట్టముల్' ముందు దొంగతనంగా ఒక చిన్న ఊపిరి తీసుకుంటారు, హార్మోనియం దాన్ని కప్పేస్తుంది. పందిట్లో కూర్చుని ఎన్ని వన్స్‌మోర్లు కొట్టినా అది పట్టుకోలేం.

పోస్టు పెట్టినవారు: ఆ ఊపిరి సంగతి బాగా పట్టావు బాబూ. అయితే దాన్ని నేను వన్స్‌మోర్ అనను, వల్లె వేయడం అంటాను. పూర్వం రికార్డు అరిగిపోయేలా వేసుకుని నేర్చుకున్నవాళ్ళు చేసిందీ అదే. నువ్వు స్టేజీ ఎక్కినప్పుడు కబురు చెయ్యి, వచ్చి వన్స్‌మోర్ కొడతాను.

అమలాపురం నుంచి: మగవాళ్ళందరూ వన్స్‌మోర్ వన్స్‌మోర్ అంటున్నారు గానీ, ఆ కేక ఎవరిదో ఒకసారి ఆలోచించండి. మా అమ్మ తీర్థాల్లో, అంటే ఊరి జాతరల్లో, వేసిన నాటకాలన్నీ చూసింది. ఆడవాళ్ళు ఒక పక్కన చాపలేసుకుని కూర్చునేవారు. ఆ పక్క నుంచి ఒక్క వన్స్‌మోర్ లేచిందని నేను వినలేదు. నచ్చితే కళ్ళు తుడుచుకునేవారు, అంతే. ఏ పద్యం మళ్ళీ రావాలో అటు పక్కవాళ్ళే తేల్చేసేవారు. అందుకే కృష్ణుడికీ అర్జునుడికీ పడినన్ని చంద్రమతికి పడేవి కావేమో. మొదటిసారి మా ఇళ్ళలో ఆడవాళ్ళు 'ఈ పాట మళ్ళీ కావాలి' అని అడిగింది రేడియోకి రాసిన కార్డు మీదే. పేరు చదివితే వీధంతా చెప్పుకునేవారు. ఇప్పుడు వంటింట్లో ఫోను గూట్లో పెట్టుకుని నచ్చిన పాట పది సార్లు వింటాను, ఎవరి కేకా అక్కర్లేదు. మీకు గుచ్చుకున్నది నాకు సుఖంగానే ఉంది.

పోస్టు పెట్టినవారు: అమ్మా, ఈ సంగతి నాటక చరిత్ర పుస్తకాల్లో ఎక్కడా చదవలేదు. చాప పక్క నుంచి చూస్తే లెక్క వేరేగానే ఉంది. మీ అమ్మగారు ఇప్పుడూ వింటారా?

అమలాపురం నుంచి: వింటుందండి. చంద్రమతి పద్యాలు పెడితే అయిపోగానే "మళ్ళీ పెట్టవే" అంటుంది. నొక్కడం ఆవిడకి రాదు మరి. పొయ్యి మీద కూర ఉన్నా నేను రావాల్సిందే.

కొత్తపేట నుంచి: ఆయ్, మీరంతా పద్యాల దగ్గరే ఉన్నారు. కేక ఎక్కడికీ పోలేదండి, మాట మారింది. జగ్గన్నతోట ప్రభల తీర్థం రోజున మా కుర్రాళ్ళు ప్రభతో (దేవుడి పేరున అలంకరించి మోసుకొచ్చే ఎత్తయిన చట్రం) పాటు చేలకడ్డంపడి, కాలవ దిగి వస్తారు కదా, డప్పులు వాయించే తాసాపార్టీ మంచి దెబ్బ వేస్తే "రిపీటు... రిపీటు" అని ఒకటే గోల. తాసా కొట్టేవాడు నవ్వి, ఇంకా స్పీడుగా అందుకుంటాడు. డీజే అయితే బండెక్కి "అన్నా, ఇంకోసారి వెయ్యన్నా". 2022 నుంచి పాత సినిమాలు 4కే అని మళ్ళీ వేస్తున్నారు కదా, ఆ షోల్లో పాట అయిపోతే వెనక్కి తిరిగి ఆపరేటర్ గది వైపు చూసి అరుస్తారు. కొన్నిచోట్ల నిజంగానే మళ్ళీ వేస్తారు కూడా. వన్స్‌మోర్ అంటే మాత్రం మా బ్యాచ్‌లో నవ్వుతారండి, తాతల మాట అని.

పాలకొల్లు నుంచి: ఆపరేటర్ మళ్ళీ వేస్తే అదే పాట వస్తుంది బాబూ. తాసావాడు మళ్ళీ వాయిస్తే అది వేరే దెబ్బ. మాస్టారి గొడవ అది. చూశారా, చివరికి నేను ఆయన తరఫున మాట్లాడుతున్నాను!

రాజమండ్రి నుంచి: మాట ఎలా వచ్చిందన్నదానికి ఒక ముక్క. 1880 ప్రాంతంలో ధార్వాడ నాటక సమాజం వాళ్ళు మా ఊరు వచ్చి పాక వేసుకుని నాటకాలు ఆడారు. వాళ్ళు వెళ్ళాక ఆ పాకలోనే కందుకూరి వీరేశలింగం గారు తన నాటకాలు ఆడించారు. మరాఠీలోనూ ఇదే కేక ఉందని పైన మీరే అన్నారు. పాకతో పాటు కేకనీ వదిలి వెళ్ళి ఉంటారని నా ఊహ. ఇంకోటి, మా ఇంట్లో 'వన్స్‌మోర్' అనరు, 'వన్సుమోరు' అంటారు, కొమ్ముతో సహా. తెలుగు చేసుకున్నాక పూర్తిగా చేసుకోవాలి కదండి.

కాకినాడ నుంచి: కొట్టడం, పడడం సరే. మా వైపు 'వన్స్‌మోర్ ఇచ్చాడు' అని కూడా అంటారు. జనం అడిగాక నటుడు మళ్ళీ పాడితే ఇచ్చినట్టు, నవ్వేసి ముందుకెళ్ళిపోతే ఇవ్వనట్టు. "నిన్న అర్జునుడు గొంతు బాగోక వన్స్‌మోర్ ఇవ్వలేదు" అని పొద్దున్నే కాఫీ హోటల్లో చెప్పుకునేవారు. మీ జాబితాలో ఈ 'ఇవ్వడం' లేదు, చేర్చుకోండి.

పోస్టు పెట్టినవారు: చేర్చాను. నరసాపురం, తణుకు వాళ్ళు ఇంకా ఎవరూ మాట్లాడలేదు. మీ వైపు ఏ క్రియ వాడతారో, రిపీటుకి కూడా అవే క్రియలు వస్తాయో లేదో రాయండి. 'రిపీటు ఇచ్చాడు' అని ఎవరైనా విన్నారా?

కొత్తపేట నుంచి: లేదండి. రిపీటు 'వేస్తారు'. ఎవరూ ఇవ్వరు.