డేటా స్ట్రక్చర్స్ ల్యాబ్: లింక్డ్ లిస్ట్ దగ్గరే ఆగిపోయా, సీ మళ్లీ మొదలుపెట్టాలా?

రెండోబెంచి:
సీఎస్ఈ సెకండియర్, ఫస్ట్ సెమ్. ఫస్టియర్ సీ ల్యాబ్ అంతా టర్బో సీలో చేశాం, ఎక్స్‌టర్నల్‌కి ప్రోగ్రాములు బట్టీ పట్టి గట్టెక్కా. ఇప్పుడు ల్యాబ్‌లో ఉబుంటు (లైనక్స్), జీసీసీ కంపైలర్. లింక్డ్ లిస్ట్ (ఒక్కో నోడ్ తర్వాతి నోడ్ అడ్రస్ దాచుకునే గొలుసు) మొదట్లో నోడ్ చేర్చే ఫంక్షన్ కంపైల్ అవుతోంది, కానీ డిస్‌ప్లే పిలిస్తే లిస్ట్ ఖాళీ అంటోంది. డిలీట్ పిలిస్తే సెగ్మెంటేషన్ ఫాల్ట్ (తాకకూడని మెమరీని తాకి ప్రోగ్రామ్ కూలిపోతోంది). మిడ్‌కి మూడు వారాలుంది. సీ మొదటి నుంచి చదవాలా, లేక ఇవన్నీ పైథాన్‌లో నేర్చేసుకుంటే సరిపోతుందా? సీనియర్లు ఎవరైనా చెప్పండి.

సెమీకోలన్:
మొదటి నుంచి అక్కర్లేదు తమ్ముడూ. పాయింటర్లు (అడ్రస్ దాచుకునే వేరియబుల్స్), స్ట్రక్చర్లు, మాలాక్ (మెమరీ అడిగి తీసుకునే ఫంక్షన్), ఫంక్షన్‌కి విలువ ఎలా వెళ్తుంది, ఈ నాలుగే తిరగేయి. ప్యాటర్న్ ప్రోగ్రాముల జోలికి పోకు.

డిస్‌ప్లే ఖాళీ అనడానికి కారణం దాదాపు ఇదే అయ్యుంటుంది: మెయిన్‌లో హెడ్ (మొదటి నోడ్‌ని చూపే పాయింటర్) నల్‌గా, అంటే దేన్నీ చూపకుండా ఉంది. దాన్ని ఫంక్షన్‌కి పంపితే వెళ్లేది నకలు. లోపల హెడ్‌కి కొత్త నోడ్ అడ్రస్ ఇస్తే ఆ నకలే మారుతుంది, మెయిన్‌లోది నల్‌గానే ఉండిపోతుంది. ఫంక్షన్ కొత్త హెడ్‌ని రిటర్న్ చేసేలా రాసి, మెయిన్‌లో దాన్ని హెడ్‌కి అసైన్ చెయ్యి. డబల్ పాయింటర్‌తోనూ చేయొచ్చు గానీ, ముందు ఇది చేతికి అలవాటు కానీ.

డిలీట్‌లో కూలేది ఎక్కువగా వెతికే లూప్‌లో. అడిగిన విలువ లిస్ట్‌లో లేకపోతే, వెతుకుతూ వెళ్లే టెంప్ పాయింటర్ చివరికెళ్లి నల్ అవుతుంది, నువ్వేమో అప్పుడు కూడా దాని డేటా చదువుతావు. నల్ కాదా అన్న పరీక్ష అండ్ గుర్తుకి (&&) ఎడమ వైపే ఉండాలి. ఎడమది నిజం కాకపోతే సీ కుడి వైపు చూడదు. రెండూ తారుమారైతే ఆ పరీక్ష ఉన్నా లేనట్టే.

మాలాక్‌లో సైజాఫ్‌కి ఏమిచ్చావో కూడా చూడు. 64 బిట్ మెషీన్‌లో పాయింటర్ 8 బైట్లు. ఒక ఇంట్, ఒక నెక్స్ట్ ఉన్న నోడ్ 16 బైట్లు: ఇంట్‌కి 4, ఖాళీ ప్యాడింగ్ 4, పాయింటర్‌కి 8. పొరపాటున పాయింటర్ సైజు ఇచ్చినా ఈ చిన్న నోడ్ పనిచేసేస్తుంది, ఎందుకంటే లైనక్స్‌లో మామూలుగా ఉండే మాలాక్ 8 అడిగినా వాడుకోదగ్గ 24 బైట్లు ఇస్తుంది. అదే నోడ్‌లో 20 అక్షరాల పేరు పెట్టావనుకో, 32 బైట్లు కావాలి. అప్పుడు నెక్స్ట్ రాసినప్పుడల్లా పక్క బ్లాక్ లెక్కలు చెడిపోతాయి, కూలడం మాత్రం తర్వాతి మాలాక్ దగ్గరో ఫ్రీ (మెమరీ తిరిగిచ్చే ఫంక్షన్) దగ్గరో. అక్కడ ఎంత వెతికినా తప్పు దొరకదు.

పాతకీబోర్డు:
పై జవాబుకి కలుపు: ఊహించడం మానేసి మెషీన్‌నే అడగండి. జీసీసీకి -వాల్, -జీ, -ఎఫ్‌శానిటైజ్=అడ్రస్ ఇచ్చి కంపైల్ చేయండి (వాల్‌లో మొదటి అక్షరం ఒక్కటే పెద్దది). ఉత్త సెగ్మెంటేషన్ ఫాల్ట్ బదులు ఏ లైన్లో ఏ మెమరీని తప్పుగా తాకారో వస్తుంది. అదే ప్రోగ్రామ్‌ని వాల్‌గ్రైండ్‌లో (మెమరీ తప్పులు పట్టే ఇంకో టూల్) నడపకండి, ఆ శానిటైజర్, ఇదీ కలిసి పనిచేయవు.

ఇక టర్బో సీ అలవాట్లు. కోనియో హెడర్, క్లియర్ స్క్రీన్ ఫంక్షన్ లైనక్స్‌లో లేవు, తీసేయండి. టర్బో సీలో ఇంట్ 2 బైట్లు, ఇక్కడ జీసీసీలో 4. అక్కడ 8 ఫ్యాక్టోరియల్‌కి 40320 బదులు -25216 వస్తుంది, మైనస్ చూసి తప్పని తెలిసిపోతుంది. ఇక్కడ 12 వరకు సరిగ్గా వచ్చి, 13కి మామూలుగా 1932053504 అని ప్లస్ సంఖ్యే కనబడుతుంది. అసలు జవాబు 6227020800. చూడ్డానికి సబబుగా ఉండే ఈ తప్పే ప్రమాదం.

గోదారిగట్టు:
పైథాన్ మాట ఇప్పుడు వద్దు. పైథాన్ లిస్ట్ లోపల ఉండేది లింక్డ్ లిస్ట్ కాదు, అవసరాన్ని బట్టి పెరిగే అర్రే (పక్కపక్కనే ఉండే గళ్ల వరస). దాంతో ఎంత సాధన చేసినా పాయింటర్ల భయం అలాగే ఉంటుంది. పైగా ల్యాబ్‌లో అడిగేది సీ.

మొదటి వారం నోట్సులో డబ్బాలు గీయండి. ప్రతి వేరియబుల్‌కి ఒక డబ్బా, పైన ఉత్తుత్తి అడ్రస్ 1000, 1016 అని. ఒక్కో లైన్ చదివి ఏ డబ్బాలో ఏం మారిందో కొట్టేసి రాయండి. చేర్చడం, తీసేయడం మూడేసి చోట్ల చేయాలి: మొదట్లో, మధ్యలో, చివర. ఖాళీ లిస్ట్, ఒకే నోడ్ ఉన్న లిస్ట్ మర్చిపోవద్దు, ప్రోగ్రాములు ఎక్కువగా పడిపోయేది అక్కడే. రెండో వారం స్టాక్, క్యూ. లిస్ట్ వచ్చాక అవి పెద్ద కష్టం కాదు. మూడో వారం పాత మిడ్ పేపర్లు పెన్నుతో రాయండి, ఎడిటర్ తెరవకుండా.

రెండోబెంచి:
థాంక్స్ అన్నా. రిటర్న్ పెట్టాక డిస్‌ప్లే వస్తోంది. మధ్య నోడ్ డిలీట్ కూడా అవుతోంది. మొదటి నోడ్ తీసేస్తే మాత్రం తర్వాత డిస్‌ప్లేలో హీప్ యూజ్ ఆఫ్టర్ ఫ్రీ (ఫ్రీ చేసిన మెమరీని మళ్లీ వాడారు) అంటోంది.

సెమీకోలన్:
డిలీట్ ఇంకా వాయిడ్‌గానే (ఏమీ రిటర్న్ చేయకుండా) ఉందా? ఆ ఫంక్షన్‌లోనూ మారింది నకలే. మెయిన్‌లోని హెడ్ నువ్వు ఫ్రీ చేసిన నోడ్‌నే చూపిస్తోంది. దాన్నీ హెడ్ రిటర్న్ చేసేలా మార్చు. ఫ్రీ చేయకముందే నెక్స్ట్‌ని వేరే పాయింటర్‌లో దాచుకో.