త్రీజేఎస్: కదలని నోడ్లకు ఆటో అప్‌డేట్ ఆపినా ఫ్రేమ్ టైమ్ ఎందుకు తగ్గడం లేదు?

ప్రశ్న:
త్రీజేఎస్‌తో (బ్రౌజర్‌లో 3డీ బొమ్మలు చూపే జావాస్క్రిప్ట్ లైబ్రరీ) గోడౌన్ సీన్ చేస్తున్నాను. మొత్తం 20,000 నోడ్లు (సీన్‌లోని ఒక్కో వస్తువు లేదా గ్రూపు), కదిలేవి 300. ర్యాకులకూ పెట్టెలకూ మ్యాట్రిక్స్‌ఆటోఅప్‌డేట్ (నోడ్ తన స్థానాన్ని ప్రతి ఫ్రేమ్‌లో తానే లెక్కించుకోవాలని చెప్పే ఫ్లాగ్) ఫాల్స్ పెట్టాను. అయినా ప్రొఫైలర్‌లో (ఏ పనికి ఎంత టైమ్ పడుతోందో చూపే టూల్) అప్‌డేట్‌మ్యాట్రిక్స్‌వరల్డ్ (నోడ్లన్నిటి స్థానాలూ లెక్కించే ఫంక్షన్) టైమ్ పెద్దగా తగ్గలేదు. 60 ఎఫ్‌పీఎస్ అంటే ఫ్రేమ్‌కు 16.7 మిల్లీసెకన్లే. ఈ టైమంతా ఎక్కడికి పోతోంది?

జవాబు 1:
అన్ని నోడ్లకూ పైనుండే సీన్ ఆబ్జెక్ట్‌కు కూడా ఆపారా? అసలు చిక్కు అక్కడే ఉంటుందండీ. ఆ ఫ్లాగ్ ట్రూ ఉన్న నోడ్ కదిలినా కదలకపోయినా ప్రతి ఫ్రేమ్‌లో లోకల్ మ్యాట్రిక్స్ (పేరెంట్‌ను బట్టి తన స్థానం) మళ్లీ కట్టుకుంటుంది. విలువ మారిందా అని చూడదు. తన వరల్డ్ మ్యాట్రిక్స్ (మొత్తం సీన్‌లో తన స్థానం) పాతబడిందని గుర్తు పెట్టుకుని, కింద ఉన్న నోడ్లన్నిటికీ ఫోర్స్ ట్రూ (తప్పనిసరిగా మళ్లీ లెక్కించు) అని పంపుతుంది. అందుకే మీకు ఆదా అయింది పొజిషన్, క్వాటర్నియన్ (ఎటు తిరిగి ఉందో), స్కేల్ కలిపే పని ఒక్కటే. పేరెంట్‌తో 4×4 గుణకారం అన్నిటికీ జరుగుతూనే ఉంది.

సీన్‌కూ, మధ్యలోని గ్రూపులకూ కూడా ఆపండి. తర్వాత ఏ నోడ్‌ను కదిపినా దాని మీద అప్‌డేట్‌మ్యాట్రిక్స్ మీరే పిలవాలి. పిలవకపోతే పొజిషన్ విలువ మారుతుంది గానీ తెర మీద వస్తువు కదలదు. కదలనివాటికీ వాటి చోట పెట్టాక ఒకసారి పిలవాలి.

జవాబు 2:
గుణకారాలు ఆగినా ట్రావర్సల్ (నోడ్లన్నిటినీ ఒక్కొక్కటిగా చుట్టిరావడం) ఆగదు. ఫ్రేమ్‌కు 20,000 ఫంక్షన్ కాల్స్, అదీ మెమరీలో చెల్లాచెదురుగా ఉన్న ఆబ్జెక్టుల మీద. కదలనివన్నీ ఒక గ్రూపులో పెట్టి, ఒకసారి లెక్క కట్టించి, ఆ గ్రూపు అప్‌డేట్‌మ్యాట్రిక్స్‌వరల్డ్ స్థానంలో ఖాళీ ఫంక్షన్ పెట్టేయండి. ఆ గ్రూపు పైనున్న నోడ్ ఏదీ కదలకూడదు, కదిలితే లోపలివన్నీ పాత చోటే ఉండిపోతాయి. కల్లింగ్ (కెమెరాకు కనిపించనివాటిని గీయకుండా వదిలేయడం) కోసం రెండరర్ చేసే ట్రావర్సల్ వేరు, దాన్ని ఇది తగ్గించదు. ఒకే ఆకారం పెట్టెలైతే ఇన్‌స్టాన్స్డ్‌మెష్ (ఒకే ఆకారాన్ని ఎన్నో చోట్ల ఒకేసారి గీసే మెష్; అందులో ఒక్కో కాపీ ఒక ఇన్‌స్టాన్స్) వాడండి, నోడ్లూ డ్రా కాల్సూ (జీపీయూకు ఇచ్చే గీసే ఆదేశాలు) రెండూ తగ్గుతాయి.

అడిగినవారు:
సీన్‌కు ఆపలేదు, అదే కారణం. కన్వేయర్ మీద కదిలే పెట్టెలనూ అదే ఇన్‌స్టాన్స్డ్‌మెష్‌లో పెట్టొచ్చా?

జవాబు 2:
వద్దు. ఒక్క పెట్టె కదిలినా నీడ్స్‌అప్‌డేట్ (డేటా మారిందని చెప్పే ఫ్లాగ్) పెడితే ఇన్‌స్టాన్సుల మ్యాట్రిక్సులున్న బఫర్ మొత్తం జీపీయూకు వెళ్తుంది. ఇన్‌స్టాన్స్‌కు 64 బైట్లు, 20,000కు 12.8 లక్షల బైట్లు, ప్రతి ఫ్రేమ్‌లో. కదిలే 300 వేరే మెష్‌లో ఉంటే 19,200 బైట్లతో సరిపోతుంది. కలిపే ఉంచాలంటే బఫర్‌లో మారిన భాగాన్నే పంపే యాడ్‌అప్‌డేట్‌రేంజ్ ఉంది. అందులో ఇచ్చేది ఫ్లోట్ల లెక్క, ఇన్‌స్టాన్స్ నంబర్ కాదు: మొదలు నంబర్×16, సంఖ్య 16.

ఇంకో జాగ్రత్త: కల్లింగ్ మెష్ మొత్తానికి ఒకే బౌండింగ్ స్ఫియర్‌తో (ఇన్‌స్టాన్సులన్నిటినీ చుట్టే ఊహా గోళం) జరుగుతుంది. పెట్టెలు దాని బయటికి వెళ్లాక కంప్యూట్‌బౌండింగ్‌స్ఫియర్ మళ్లీ పిలవకపోతే కెమెరా ఎదుటే మాయమవుతాయి. కదలనివాటిని గోడౌన్ భాగాలవారీగా కొన్ని మెష్‌లుగా విడగొడితే కల్లింగ్ కూడా పనికొస్తుంది.

జవాబు 3:
ఇదంతా కదిలేవి కొద్దిగా ఉన్నప్పుడే. సగానికి పైగా కదిలే సీన్‌లో ఫ్లాగ్ తనిఖీలతో లాభం తక్కువ. అక్కడ మ్యాట్రిక్సులన్నీ ఒకే ఫ్లోట్32అర్రేలో (సంఖ్యలు మెమరీలో వరసగా ఉండే అర్రే), పేరెంట్ ఎప్పుడూ చైల్డ్ కంటే ముందు వచ్చేలా పేర్చి, ఒకే లూప్‌లో మొదటి నుంచి చివరిదాకా లెక్కించడం మేలు. పేరెంట్ మార్చినప్పుడు వరస మళ్లీ సర్దాలి, కాబట్టి వస్తువులను తరచూ ఎత్తి వేరే చోట తగిలించే సీన్‌కు ఇది నప్పదు.