డీటీపీ షాపు కంప్యూటర్‌ని లినక్స్‌కి మార్చాలి: అను ఫాంట్లు, ఆపిల్ కీబోర్డు సంగతేంటి?

శుభలేఖ_తణుకు

అందరికీ నమస్కారం. తణుకులో మాకు చిన్న డీటీపీ షాపు ఉంది. శుభలేఖలు, కరపత్రాలు, బిల్లు పుస్తకాలు, స్కూళ్ల ప్రశ్నపత్రాలు చేస్తాం. మా ఆయన ప్రెస్సు పని, డెలివరీలు చూసుకుంటారు, కంప్యూటర్ ముందు కూర్చునేది నేను. సిస్టమ్ 2016లో అసెంబుల్ చేయించింది, ఐ3 ఆరో తరం, 8 జీబీ ర్యామ్. ఇప్పటికీ బాగానే పనిచేస్తోంది.

2025 అక్టోబర్ 14తో విండోస్ 10కి మామూలు అప్‌డేట్లు ఆగిపోయాయి. విండోస్ 11 వేద్దామంటే ఎనిమిదో తరం ప్రాసెసర్, టీపీఎమ్ 2.0 అనే సెక్యూరిటీ చిప్ కావాలంటోంది. మా దగ్గర రోజూ ఎవరెవరివో పెన్‌డ్రైవులు పెడుతుంటాం, వాట్సాప్ వెబ్ పొద్దున్నుంచి రాత్రి దాకా తెరిచే ఉంటుంది. అప్‌డేట్లు లేని సిస్టమ్‌తో ఇదంతా చేయాలంటే టెన్షన్‌గా ఉంది.

మొన్న మా తమ్ముడు వచ్చినప్పుడు పెన్‌డ్రైవ్ మీద లినక్స్ మింట్ (విండోస్‌కి బదులు వాడుకునే ఉచిత సిస్టమ్) నడిపి చూపించాడు. నాకు నచ్చింది. భయమంతా తెలుగు గురించే. పదిహేనేళ్ల పేజ్‌మేకర్ (పేజీలు కట్టే పాత విండోస్ ప్రోగ్రామ్) ఫైళ్లున్నాయి, అన్నీ అను ఫాంట్లలోనే. నా వేళ్లకి వచ్చింది ఆపిల్ కీబోర్డు, అంటే తెలుగు కీల వరసల్లో ఒకటి, అదొక్కటే. ఇప్పుడు ఇన్‌స్క్రిప్ట్ అనే వేరే కీల వరస కొత్తగా నేర్చుకోమంటే నా వల్ల కాదు, పెళ్లిళ్ల సీజన్ మొదలైతే అన్నం తినడానికే తీరిక ఉండదు. ఇలాంటి షాపుని ఎవరైనా లినక్స్ మీద నడిపారా? నడిపినవాళ్లు ఉన్నదున్నట్టు చెప్పండి.

ఖమ్మం_మింట్

అమ్మా, నేను నడిపాను. ఖమ్మంలో ఇరవై రెండేళ్లు డీటీపీ చేశాను, 2014 నుంచి ఇంట్లోనూ పనిలోనూ లినక్సే. కాస్త పొడుగవుతుంది, తీరిగ్గా చదవండి.

అన్నిటికంటే ముందు, పాత డిస్కు చెరపకండి. 256 జీబీ ఎస్‌ఎస్‌డీ ఒకటి కొని మింట్ దానిమీద వేయండి. వేసేటప్పుడు పాత డిస్కు కేబుల్ పీకేసి వేస్తే పొరపాటుకి తావే ఉండదు. ఎప్పుడైనా పాత శుభలేఖ పేజ్‌మేకర్‌లోనే తీయాల్సి వస్తే, నెట్ కేబుల్ తీసేసి పాత డిస్కు నుంచి బూట్ చేసుకోండి, పని అయ్యాక మళ్లీ మింట్‌లోకి వచ్చేయండి. విండోస్ ప్రోగ్రాములను లినక్స్‌లో నడిపే వైన్‌లో పేజ్‌మేకర్ నడిపిద్దామని నేను రెండు ఆదివారాలు కూర్చున్నాను. ప్రోగ్రామ్ తెరుచుకుంది గానీ తెలుగు టైపింగ్ కుదరలేదు. ఆ దారి మీకు చెప్పను.

అసలు చిక్కు ఎక్కడుందో తెలిస్తే మిగతాదంతా తేలిగ్గా అర్థమవుతుంది. అను ఫాంట్లలో మీరు ‘క’ కొడితే ఫైల్లో పడేది తెలుగు ‘క’ కాదు, ఏదో ఇంగ్లిష్ అక్షరమో గుర్తో పడుతుంది. ఫాంటు దానికి తెలుగు బొమ్మ తొడుగుతుంది, అంతే. గుడి ఒక ముక్క, వత్తు ఒక ముక్క. అందుకే ఆ ఫాంటు లేని కంప్యూటర్లో తెరిస్తే పిచ్చిగీతలు కనిపిస్తాయి. అన్ని కంప్యూటర్లూ ఒకేలా చదివే యూనికోడ్ పద్ధతిలో అలా ఉండదు. ‘స్త్రీ’ అనే అక్షరం తీసుకోండి. ఫైల్లో స, పొల్లు, త, పొల్లు, ర, గుడిదీర్ఘం అని ఆరు కోడ్లు వరసగా ఉంటాయి. ఆ ఆరింటినీ ఒక్క అక్షరంగా కూర్చి తెరమీద పెట్టే పని లినక్స్‌లో హార్ఫ్‌బజ్ అనే లైబ్రరీ చేస్తుంది. లిబ్రెఆఫీస్ (ఎమ్మెస్ ఆఫీస్ లాంటి ఉచిత ప్రోగ్రామ్), ఫైర్‌ఫాక్స్ అన్నీ దాన్నే వాడతాయి. మొదటిసారి లిబ్రెఆఫీస్‌లో ‘స్త్రీ’ పక్కన కర్సర్ పెట్టి బ్యాక్‌స్పేస్ ఒక్కో దెబ్బా కొడుతూ పోయాను. ముందు గుడిదీర్ఘం పోయింది, తర్వాత ర, తర్వాత పొల్లు. అప్పటిదాకా చదివినా బుర్రకెక్కనిది ఆ నిమిషంలో ఎక్కింది. మీరూ ఒకసారి చేసి చూడండి.

కీబోర్డు విషయంలో మీరు నిశ్చింతగా ఉండొచ్చు. మింట్‌లో ఇన్‌పుట్ మెథడ్ సెట్టింగుల్లో ఐబస్ (టైపింగ్ భాషలు మార్చే ప్రోగ్రామ్) వేసుకుని, దానికి రకరకాల భాషల కీబోర్డులుండే ఎమ్17ఎన్ ప్యాకేజీ కలపండి. తెలుగు కింద ఇన్‌స్క్రిప్ట్, ఆర్‌టీఎస్, పోతనలతో పాటు ఆపిల్ కూడా వస్తుంది. వేశాక ఒకసారి లాగవుట్ అయి మళ్లీ లాగిన్ అవ్వండి, లేకపోతే జాబితాలో కనిపించకపోవచ్చు. చాలామంది సరిగ్గా ఇక్కడే, మాకు రాలేదు అనుకుని వదిలేస్తారు. అనులో మీకు అలవాటైన దానికీ దీనికీ కొన్ని కీలు తేడా రావచ్చు. పాత శుభలేఖ ఒకటి ఎదురుగా పెట్టుకుని మొదటినుంచి చివరిదాకా కొట్టండి, తేడా వచ్చిన కీలు కాగితం మీద రాసి మానిటర్‌కి అంటించండి. నాలుగో రోజుకి నేను ఆ కాగితం వైపు చూడటం మానేశాను.

పాత ఫైళ్లన్నీ మార్చాలని మాత్రం పెట్టుకోకండి. ఏటా తిరిగొచ్చేవి ఉంటాయి కదా, బిల్లు పుస్తకాలు, ప్రోగ్రెస్ కార్డులు, గుడి ఉత్సవాల ఆహ్వానాలు, వాటినే మార్చండి. పేజ్‌మేకర్ ఫైళ్లను లిబ్రెఆఫీస్ డ్రా తెరుస్తుంది, ఆ సౌకర్యం 4.4 వెర్షన్ నుంచి ఉంది. అక్షరాలు గజిబిజిగా కనిపిస్తాయి. ఆ పాఠాన్ని కాపీ చేసి అను నుంచి యూనికోడ్‌కి మార్చే కన్వర్టర్‌లో వేయాలి. తర్వాత ప్రూఫ్ చదవాల్సిందే, ముఖ్యంగా వత్తుల దగ్గర. నేను ఒక ఆహ్వానపత్రికలో ‘ఆహ్వానం’లోని వ వత్తు ఎగిరిపోవడం చూసుకోలేదు. ముందురోజు ప్రూఫ్ కాపీ చూసిన పూజారిగారు పట్టుకున్నారు కాబట్టి సరిపోయింది.

పేజీ కట్టడానికి స్క్రైబస్ వాడండి. 1.6 వెర్షనే వేసుకోండి, 2024 జనవరిలో వచ్చింది. పాత 1.4లో తెలుగు వత్తులు విడివిడిగా పడేవి, దాన్ని చూసి స్క్రైబస్‌లో తెలుగు రాదని చెప్పేవాళ్లు ఇంకా ఉన్నారు. ఇప్పుడు చక్కగా వస్తుంది. ప్రెస్సు వాడే నాలుగు సిరాల పద్ధతి సీఎంవైకే రంగులతో పీడీఎఫ్ తీసి ఆఫ్‌సెట్ ప్రెస్సుకి ఇవ్వొచ్చు. ఫాంట్లకి సిలికానాంధ్ర వాళ్లు ఉచితంగా ఇచ్చినవి వేసుకోండి: రామభద్ర, ఎన్టీఆర్, మండలి, సూరన్న, ధూర్జటి, పెద్దన ఇంకా చాలా ఉన్నాయి. వ్యాపారానికి వాడినా లైసెన్సు అడ్డుచెప్పదు. వధూవరుల పేర్లకి నేను శ్రీకృష్ణదేవరాయ పెడతాను, లోపలి మాటలకి మండలి.

లోటు కూడా చెప్పాలి. అనులో ఉన్నన్ని అలంకార ఫాంట్లు యూనికోడ్‌లో లేవు. ‘ఆ మెలికల అక్షరాలే కావాలి’ అనే పెళ్లివారు వస్తే నేను ఇప్పటికీ పాత డిస్కు దగ్గరికే వెళ్తాను. కోరల్‌డ్రా ఫైళ్లు ఇంక్‌స్కేప్ అనే డ్రాయింగ్ ప్రోగ్రామ్‌లో తెరుచుకుంటాయి గానీ క్లిష్టమైన డిజైన్ అయితే ఎంతో కొంత సరిచేసుకోవాలి.

ఇంకొక్కటి. సిస్టమ్ పాడైతే పాత స్థితికి తెచ్చే టైమ్‌షిఫ్ట్ మొదటిరోజే ఆన్ చేయండి. ఓసారి రాత్రి పదిన్నరకి అప్‌డేట్ నొక్కి పడుకున్నాను, పొద్దున చూస్తే నల్లతెర. పదింటికి 400 కార్డుల ఫైల్ ప్రెస్సుకి వెళ్లాలి. చేతులు చల్లబడ్డాయి. మళ్లీ ఆన్ చేసి షిఫ్ట్ పట్టుకుంటే ఏది తెరవాలో అడిగే గ్రబ్ మెనూ వచ్చింది, అందులో అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్‌లోకి వెళ్లి అంతకుముందరి కర్నెల్ (లినక్స్ అసలు మూలభాగం) ఎంచుకుంటే మామూలుగా తెరుచుకుంది. పది నిమిషాల పని. ఆ ఉదయం నుంచి డెలివరీ ఉన్న వారంలో అప్‌డేట్ జోలికి వెళ్లను, ఆదివారమే చేస్తాను.

రాత్రి_టెర్మినల్

అక్కా, ఖమ్మం అన్నగారు దాదాపు అన్నీ చెప్పేశారు. రెండు డిస్కుల మధ్య తిరిగేవాళ్లకి ఎదురయ్యేవి నేను చెప్తాను.

మింట్ నుంచి విండోస్‌లోకి వెళ్తే గడియారం అయిదున్నర గంటలు వెనక్కి పోవచ్చు. పొద్దున పదింటికి షాపు తెరిస్తే నాలుగున్నర చూపిస్తుంది. కంగారు పడకండి, సిస్టమ్ పాడవలేదు. మదర్‌బోర్డులోని గడియారాన్ని లినక్స్ గ్రీనిచ్ సమయంలో ఉంచుతుంది, విండోస్ దాన్నే మన సమయం అనుకుంటుంది. ఆ గడియారాన్ని స్థానిక సమయంలోనే ఉంచమని మింట్‌కి టెర్మినల్‌లో ఒక్క లైనులో చెప్పొచ్చు. మీరు ఇన్‌స్టాల్ చేశాక అడగండి, ఇస్తాను.

అలాగే పాత డిస్కులోని ఫైళ్లు మింట్‌లో తెరుచుకుంటాయి గానీ సేవ్ అవకపోవచ్చు. విండోస్‌లో ఫాస్ట్ స్టార్టప్ ఆన్‌లో ఉంటే షట్‌డౌన్ చేసినా అది పూర్తిగా ఆగదు, డిస్కుని సగం పట్టుకునే ఉంటుంది. ఒకసారి విండోస్‌లోకి వెళ్లి దాన్ని ఆపేయండి.

మీ ప్రింటర్లు ఏవో రాయలేదు. కొత్తవి చాలావరకు డ్రైవర్ లేకుండానే వస్తాయి. పాత చవక లేజర్లలో కొన్ని పేజీని తాము గీసుకోవు, కంప్యూటరే గీసి పంపాలి, దానికి ప్రత్యేకంగా డ్రైవర్ కావాలి. అందుకని ఎస్‌ఎస్‌డీ కొనకముందే మీ తమ్ముడి పెన్‌డ్రైవ్ నుంచి బూట్ చేసి అన్నిటిమీదా ఒక్కో టెస్ట్ పేజీ తీసి చూడండి.

శుభలేఖ_తణుకు

మూడు వారాలైంది, వచ్చి చెప్పకపోతే బాగుండదు. ఇంక్‌జెట్ పెట్టగానే వచ్చింది. లేజర్ రాలేదు, దానికి లినక్స్ డ్రైవర్ వెతికి తమ్ముడు ఫోన్‌లోనే చెప్తూ వేయించాడు. గడియారం నిజంగానే అయిదున్నర గంటలు వెనక్కి పోయింది! ముందే చదివి ఉన్నాను కాబట్టి కంగారు పడలేదు.

ఆపిల్ కీబోర్డు దొరికింది బాబాయ్ గారూ. కాగితం ఇంకా మానిటర్ మీదే ఉంది. ‘స్త్రీ’ పక్కన బ్యాక్‌స్పేస్ కొట్టి చూశాను, మా ఆయన్ని కూడా పిలిచి చూపించాను. స్క్రైబస్‌లో మొదటి శుభలేఖ కూడా చేశాను. ఒక్కచోట ఆగిపోయాను. పెళ్లికొడుకు పేరు కింద ‘సాఫ్ట్‌వేర్ ఇంజనీర్’ అని రావాలి. నేను కొడితే వ వత్తు కిందికి దిగి ‘సాఫ్ట్వేర్’ అని పడుతోంది. అనులో అయితే పొల్లు ముక్క పెట్టేదాన్ని, అయిపోయేది. ఇక్కడ పొల్లు ఎలా నిలబెట్టాలి?

ఖమ్మం_మింట్

చాలా సంతోషం అమ్మా.

పొల్లు తర్వాత హల్లు వస్తే యూనికోడ్ వాటిని కలిపేస్తుంది, దాని పద్ధతే అది. కలపొద్దని చెప్పడానికి మధ్యలో కంటికి కనపడని గుర్తు ఒకటి పెట్టాలి, దాని కోడ్ 200సి. ‘సాఫ్ట్’ కొట్టి ఆగండి. కంట్రోల్, షిఫ్ట్, యు మూడూ కలిపి నొక్కి వదలండి, 200సి అని ఇంగ్లిష్‌లో కొట్టి ఎంటర్ నొక్కండి. తర్వాత ‘వేర్’ కొట్టండి. ముందు లిబ్రెఆఫీస్‌లో చేసి, అక్కడినుంచి స్క్రైబస్‌లోకి కాపీ చేసుకోండి.

రాజ్‌కుమార్, హెడ్‌మాస్టర్, ఫోన్‌పే, వీటన్నిటికీ ఇదే అవసరం. తరచూ వచ్చే మాటలన్నీ ఒక ఫైల్లో కొట్టి పెట్టుకోండి, కావలసినప్పుడు తీసుకోవచ్చు. ఆ మానిటర్ కాగితం మీద 200సి కూడా రాయండి.

శుభలేఖ_తణుకు

వచ్చింది! పొల్లు నిలబడింది. సాయంత్రం పెళ్లివారికి ప్రూఫ్ పంపిస్తున్నాను.