స్లీప్‌ను నెవర్ (ఎప్పుడూ వద్దు) అని పెట్టినా రాత్రి బ్యాకప్ మధ్యలో లాప్‌టాప్ నిద్రపోతోంది, ఏం చేయాలి?

అందరికీ నమస్కారం. నా లాప్‌టాప్ పాతదే, విండోస్ 10. రాత్రి 2 గంటలకు దానంతటదే మేల్కొని, ఫోటోలన్నీ బయటి హార్డ్‌డిస్క్‌లోకి కాపీ చేసేలా టాస్క్ షెడ్యూలర్‌లో (చెప్పిన టైముకి పనులు నడిపే విండోస్ టూల్) పెట్టాను. టైముకి లేస్తోంది, కాపీ కూడా మొదలుపెడుతోంది. సరిగ్గా రెండు నిమిషాలకు మళ్ళీ స్లీప్‌లోకి వెళ్ళిపోతోంది. పొద్దున చూస్తే ఫోల్డర్‌లో సగం ఫోటోలే ఉంటున్నాయి, చివరి ఫైల్ అసలు తెరుచుకోదు. అందులో మా నాన్నగారి ఫోటోలు ఉన్నాయి, అందుకే ఇంత టెన్షన్.

పవర్ సెట్టింగ్స్‌లో స్లీప్‌ను బ్యాటరీకి, ఛార్జర్‌కి రెండింటికీ నెవర్ అనే పెట్టాను. ఛార్జర్ రాత్రంతా పెట్టే ఉంటుంది. మూత వల్లేమో అనుకుని, మూసినా ఏమీ చేయొద్దు అని మార్చి, తెరిచే ఉంచి చూశాను. తేడా లేదు. విండోస్‌లో ఏమేం జరిగిందో చూపించే ఈవెంట్ వ్యూయర్‌లో ఆ సమయానికి కెర్నల్-పవర్ 42 (స్లీప్‌లోకి వెళ్తోందనే నమోదు) అని ఉంది, కారణం సిస్టమ్ ఐడిల్, అంటే ఎవరూ వాడటం లేదని అట. నేను పగలు వాడుతున్నప్పుడు మాత్రం ఎంతసేపైనా నిద్రపోదు.

మనిషి ముట్టుకోకుండా మేల్కొన్నప్పుడు వేరే టైమర్ ఉంటుందని, దాని పేరు సిస్టమ్ అన్‌అటెండెడ్ స్లీప్ టైమవుట్ అని, మామూలుగా అది 2 నిమిషాలే అని చదివాను. పవర్ ఆప్షన్స్‌లో అది కనిపించడం లేదు. రిజిస్ట్రీలో (విండోస్ తన సెట్టింగ్స్ దాచుకునే చోటు) ఆ టైమర్‌కి ఉన్న ఆట్రిబ్యూట్స్ విలువను 2గా మారిస్తే కనబడుతుందట. రిజిస్ట్రీ ముట్టుకోవాలంటే భయంగా ఉంది. ఎవరైనా చేశారా? ముందుగా ఏది ఎక్స్‌పోర్ట్ చేసి పెట్టుకోవాలి? పవర్ సెట్టింగ్స్ మార్చే పవర్‌సీఎఫ్‌జీ (powercfg) కమాండ్‌తోనే ఆ టైం పెంచే దారి ఉంటే అదే చెప్పండి, దయచేసి.