నిషిధి, సమాధి ఒకటేనా?

మన పదాల పట్టికలో నిషిధి అన్న మాటకి "జైనుల సమాధి" అని అర్థం ఇస్తూ పై కామెంట్లలో రాసేశారు. నేను ఒప్పుకోలేనండీ. సమాధి అనగానే కింద శరీరం ఉందనే అనుకుంటాం, జైన మునిని మాత్రం సాధారణంగా దహనం చేస్తారు. ఈ మాటకి మూలం ని-సద్, అంటే కూర్చోవడం. నిషణ్ణుడు అంటామే, అదే ధాతువు. అన్నపానాలు మానేసి సల్లేఖనతో దేహం వదలడానికి ఆ ముని కూర్చున్న చోటు, తర్వాత అక్కడ నిలబెట్టిన రాయి, రెండూ నిషిధే. కర్ణాటకలోని శ్రవణబెళగొళలో చంద్రగిరి కొండ మీద ఇవి బోలెడు, 1129లో పోయిన మల్లిషేణుడనే జైన ముని శాసనం కూడా అక్కడిదే. మన కడప జిల్లాలో పెన్న ఒడ్డున దానవులపాడులోనూ నిషిధి రాళ్ళు దొరికాయి. ఆ చంద్రగిరి మీదే జైనాచార్యుడు భద్రబాహు పేరిట ఉన్న గుహకి వెళ్తే జనం మొక్కేది రాతిలో చెక్కిన పాదాలకి, ఎముకలకి కాదు.

అలాగని "అస్థిపూజ బౌద్ధులదే, జైనులకి లేదు" అని ఒకరు తేల్చేశారు చూడండి, అదీ సరికాదు. కళింగ రాజు ఖారవేలుడి హాథీగుంఫా శాసనంలో "కాయ నిసీది" అని ఉంది, అంటే శరీర ధాతువులు, అంటే అస్థికల్లాంటి అవశేషాలు, ఉన్న నిషిధి అని పండితులు అర్థం చెప్పారు. ఉత్త నిషిధికే ఆ అర్థం ఉంటే ముందు "కాయ" చేర్చాల్సిన పనేముంది? ఇక జైన పండితుడు హేమచంద్రుడి త్రిషష్టిశలాకాపురుష చరిత్రలో మొదటి తీర్థంకరుడు ఋషభనాథుడి చితి చల్లారాక, జైనులు చెప్పే పలువురు ఇంద్రుల్లో శక్రుడు పైదవడ కుడి కోర, ఈశానుడు ఎడమ కోర, చమరుడూ బలీ కింది కోరలు పంచుకుని తీసుకెళ్తారు, స్వర్గంలో మాణవక స్తంభం మీద గుండ్రటి వజ్రపు భరిణెల్లో పెట్టి పూజిస్తారు. ఎంత ఆప్యాయంగా రాశాడో! బీహార్‌లోని పావాపురి కథ ఇంకా నేల మీదది: మహావీరుడి దహనమయ్యాక వచ్చినవాళ్ళందరూ తలా పిడికెడు బూడిద, అది అయిపోయాక అక్కడి మట్టి తీసుకుపోతే చెరువంత గొయ్యి పడిందట. ఆ చెరువు మధ్యలోనే ఇప్పటి జలమందిరం, లోపల మళ్ళీ పాదముద్రలే.

కాబట్టి మన పట్టికలో నిషిధి అర్థాన్ని "సల్లేఖన జరిగిన చోటు, దాని గుర్తుగా నిలిపిన రాయి" అని మార్చమని నా మనవి. అస్థికల సంగతి శాసనమే చెప్పినచోట మాత్రం విడిగా రాద్దాం.